బోర్డు కాదు, వయా చూడాలి: ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ చదువు ఎంపికలో ఒక కేసు

మృగశిర కార్తె వచ్చినా ఎండ తగ్గని రోజులవి. 2023 జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, విజయనగరం గంటస్తంభం దగ్గర మేడ మీదున్న నా గదికి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. కొడుకు చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో నాలుగు అమెరికా యూనివర్సిటీల కాగితాలు. తండ్రి చేతిలో గుడ్డ సంచి. ఆ సంచిలో ఏముందో గంట తర్వాత గానీ నాకు తెలియలేదు. చీపురుపల్లిలో ఉన్న వాళ్ల ఇంటి దస్తావేజు, ఈసీ, పన్ను రసీదులు. మర్నాడు పొద్దున్నే బ్యాంకుకి వెళ్లాలని ముందే తీసి పెట్టుకున్నారు.

నేను పంతొమ్మిదేళ్లు ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చేసి బయటికొచ్చినవాణ్ని. ఇప్పుడు ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు పైచదువుల విషయంలో సలహా చెబుతున్నాను. ఈ కేసు ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, కంపెనీ, కన్సల్టెన్సీ ఏవీ రాయను. అంకెలు మాత్రం నా ఫైల్లో ఉన్నవే.

అబ్బాయికి అప్పటికి ఇరవై మూడేళ్లు. మన జిల్లాలోనే మెకానికల్ బీటెక్ చేసి 2021లో బయటికొచ్చాడు. పైడిభీమవరం దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజినీరు. రణస్థలంలో ముగ్గురితో కలిసి గది తీసుకుని ఉంటున్నాడు. చేతికి ఇరవై రెండు వేలు వస్తుంది. తండ్రి ఆర్టీసీ కండక్టరు, రిటైర్‌మెంటుకి ఇంకా మూడేళ్లుంది. తల్లి ఇంటి దగ్గరే ఉంటుంది. చెల్లెలు అప్పుడు పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరబోతోంది. ఎకరంన్నర పొలం, ఒక పెంకుటిల్లు తీసేసి కట్టుకున్న డాబా. ఆస్తి అంతే.

అబ్బాయి మొదటి మాటే, "సార్, ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ చేద్దామనుకుంటున్నాను. ఈ నాలుగిట్లో ఏది మంచిదో చెప్పండి చాలు."

నా దగ్గరికి వచ్చే పది మందిలో ఏడెనిమిది మంది ఇలాగే, ఏది కావాలో తేల్చుకోకుండానే వాటిలో మంచిది ఏదని అడుగుతారు. నేను కాగితాలు పక్కన పెట్టించి, "ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటి నాన్నా, నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఎంబీఏ లాంటిదే సార్, ఇంజినీర్లకి" అన్నాడు. తండ్రి వెంటనే అందుకున్నారు: "అది చేసి వస్తే మేనేజరు అవుతాడంటండి." ఈ రెండు మాటలూ విశాఖపట్నంలోని ఒక కన్సల్టెన్సీలో చెప్పినవే. రెండూ పూర్తి అబద్ధాలు కావు. కానీ ఇల్లు తాకట్టు పెట్టేంత నిజాలూ కావు.

వాళ్లకి ఆ రోజు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఇంజినీర్లు చేసే పనిని నడిపించడానికి కావలసిన విద్య ఇది. ప్రాజెక్టు ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవుతుంది, ఏ మెషిన్ కొంటే లాభం, సరుకు ఎంత నిల్వ పెట్టాలి, నాణ్యత ఎక్కడ జారుతోంది, పదిమంది ఇంజినీర్ల చేత పని ఎలా చేయించాలి, ఇవన్నీ అందులోకి వస్తాయి. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని రోలా యూనివర్సిటీ 1967లోనే దీనికి ప్రత్యేకంగా డిపార్ట్‌మెంట్ పెట్టింది. 1979లో ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ వాళ్లకంటూ అక్కడ ఒక సొసైటీ కూడా ఏర్పడింది. అంటే ఇది నిన్నగాక మొన్న ఫీజుల కోసం పుట్టిన కోర్సు కాదు. చిక్కంతా ఎక్కడంటే, ఈ పేరు కింద ఒక్కో యూనివర్సిటీ ఒక్కో రకం సరుకు అమ్ముతుంది. కొన్నిచోట్ల ఇంజినీరింగ్ కాలేజీలో ఉంటుంది, లెక్కలూ మోడళ్లూ ఎక్కువ. కొన్నిచోట్ల బిజినెస్ స్కూలుతో కలిసి నడుస్తుంది, ఫైనాన్సు, మార్కెటింగు, లీడర్‌షిప్ ఎక్కువ. కొన్ని తొమ్మిది పది నెలల్లో అయిపోతాయి, కొన్ని రెండేళ్లు. మన దేశంలో ఈ పేరు తక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ దీని అన్నదమ్ములు ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ అన్న పేరుతో ఎంటెక్‌లోనూ, ఆపరేషన్స్ అన్న పేరుతో ఎంబీఏలోనూ ఉంటారు.

ఇదంతా విని తండ్రి అన్న మాట నా ఫైల్లో ఆ రోజే రాసి పెట్టుకున్నాను. "అర్థమయిందండి. వైజాగ్ కాంప్లెక్స్‌లో పాలకొండ బోర్డు కనబడితే జనం ఎక్కేస్తారు. వయా చీపురుపల్లో, వయా చిలకపాలెమో చూడరు. టికెట్ కొట్టేటప్పుడు గొడవ. ఇదీ అదే కదండీ?"

అదేనండీ అన్నాను. ఆ తర్వాత మూడు నెలల పాటు మా మాటల్లో సిలబస్ అన్న మాట పోయి వయా అన్న మాటే నిలిచిపోయింది.

పేర్లు కప్పేసిన కాగితాలు

రెండో ఆదివారం నేను ఎప్పుడూ చేయించే పని చేయించాను. నాలుగు అమెరికా ప్రోగ్రాములు, మన దేశంలోవి మూడు, మొత్తం ఏడింటి సబ్జెక్టుల జాబితాలు ప్రింటు తీసి, యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు ఉన్న పై భాగాన్ని పాత పేపరు ముక్కలతో అంటించేశాను. ఆకుపచ్చ పెన్ను ఇచ్చి, "పరీక్ష లేకపోయినా ఏ సబ్జెక్టు పుస్తకం నువ్వు తెరుస్తావో దానికి టిక్కు పెట్టు. పరీక్ష ఉంటేనే తెరుస్తావనుకుంటే వదిలెయ్యి" అన్నాను.

నలభై నిమిషాలు పట్టింది. ఇన్వెంటరీకి టిక్కు. ఆపరేషన్స్ రీసెర్చికి టిక్కు. సిమ్యులేషన్, క్వాలిటీ కంట్రోల్, షెడ్యూలింగ్, అన్నిటికీ టిక్కులు. టెక్నాలజీ మార్కెటింగ్, ఆంత్రప్రెన్యూర్‌షిప్, ఆర్గనైజేషనల్ బిహేవియర్ ఉన్న పేజీల్లో పచ్చ రంగే లేదు. తను మొదటి ఛాయిస్ అనుకున్న పది నెలల ప్రోగ్రాం కాగితం మీద పన్నెండు సబ్జెక్టుల్లో మూడు టిక్కులు పడ్డాయి. పేపరు ముక్క ఊడదీసి చూపిస్తే ముఖం పాలిపోయింది. పాపం, ఆ యూనివర్సిటీ ఫోటోనే ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు.

టిక్కులు ఒక్కటే సాక్ష్యంగా తీసుకోను. పరీక్షల్లో మార్కులొచ్చిన సబ్జెక్టుకి పిల్లలు అలవాటుగా టిక్కు పెట్టేస్తారు. అందుకే రెండో ప్రశ్న అడిగాను. ఈ రెండేళ్లలో ఎవరూ చెప్పకుండా, జీతంతో సంబంధం లేకుండా నువ్వు చేసిన పని ఏదైనా ఉందా?

మొదట లేదన్నాడు. తర్వాత చాలా మామూలుగా ఈ సంగతి చెప్పాడు.

వాళ్ల బ్లాకులో ఒక రియాక్టరు అజిటేటర్‌కి మెకానికల్ సీల్ లీకయింది. సీల్ మార్చందే బ్యాచ్ వెయ్యడానికి లేదు. స్టోర్స్‌లో అడిగితే సిస్టంలో స్టాకు సున్నా. హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్లో తెప్పించేసరికి రియాక్టరు రోజున్నర ఖాళీగా ఉంది. మూడు వారాల తర్వాత వేరే పని మీద స్టోర్స్‌కి వెళ్లి, ర్యాక్‌లో అదే సీలు రెండు డబ్బాల్లో, దుమ్ము పట్టి ఉండటం చూశాడు. తమ మెటీరియల్ కోడు షాఫ్ట్ సైజు మీద ఉంది. ఆ రెండూ అమ్మినవాడి పార్టు నంబరు మీద వేరే కోడుతో ఎక్కాయి. వస్తువు ఒకటే, పేర్లు రెండు. ఆ రోజు నుంచి సి షిఫ్టులో బ్రేక్‌డౌన్ లేని రాత్రుళ్లు వెర్నియర్ పట్టుకుని స్టోర్స్‌లో కూర్చున్నాడు. ఆరు వారాల్లో 340 వస్తువులు కొలిచి ఎక్సెల్‌లో ఎక్కించాడు. రెండు కోడ్ల కింద ఉన్నవి 41 తేలాయి.

"ఆ లిస్టు ఎవరికిచ్చావు?"

"మా సీనియర్‌కి మెయిల్ పెట్టాను సార్. చూస్తానన్నారు."

"చూశారా?"

"తెలీదు సార్. నేనైతే ప్రింటు తీసి మా వర్క్‌షాపులో అంటించుకున్నాను. మా షిఫ్టు వాళ్లు దాన్నే చూస్తారు."

నేను మెయింటెనెన్స్‌లో ఉన్నప్పుడు ఒక్క బేరింగు కోసం ఫర్నేసు ఆగిన రాత్రులు చూశాను. ఆ బాధ తెలిసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఎవరూ అడగకుండా 340 వస్తువులు కొలిచే కుర్రాడు రోజూ దొరకడు. వాడికి మనుషుల్ని నడపడం మీద కాదు, సరుకు ఎందుకు అందలేదు, పని ఎందుకు ఆగింది అన్నదాని మీద ఉంది ఆకలి. ఆ ఆకలికి దగ్గర దారి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్. ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ అన్న బోర్డు కిందే వెళ్లినా, ఆ వయా ఉన్న బస్సే ఎక్కాలి.

తండ్రి అనుకుంటున్న మేనేజరు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకున్నాం. "మీ కంపెనీలో మేనేజర్లకి సర్వీసు ఎంత?" అని అబ్బాయినే అడిగాను. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు అని వాడే చెప్పాడు. డిగ్రీలో మేనేజ్‌మెంట్ అన్న మాట ఉన్నంత మాత్రాన ఇరవై అయిదేళ్ల పిల్లవాడి కింద నలభై ఏళ్ల ఫిట్టర్లను ఎవరూ పెట్టరు. పెట్టినా వాళ్లు మాట వినరు. చదువు ఆ పదిహేనేళ్లను పదో, తొమ్మిదో చేయగలదు. సున్నా చేయలేదు.

డబ్బు లెక్క

ఈ భాగం మీద ఒక పూర్తి సాయంత్రం కూర్చున్నాం. అబ్బాయి షిఫ్టులో ఉన్నాడు, తండ్రి, తల్లి వచ్చారు. ఇలాంటి లెక్క పిల్లల ముందు కంటే వాళ్లు లేనప్పుడే పెద్దవాళ్లు మనసు విప్పి మాట్లాడతారు.

కన్సల్టెన్సీ రాసిచ్చిన మొత్తం రెండేళ్లకు 48 లక్షలు. విదేశీ చదువుల రుణానికి బ్యాంకులు సాధారణంగా 15 శాతం సొంత డబ్బు చూపించమంటాయి. అది 7 లక్షల 20 వేలు. తండ్రి పీఎఫ్‌లో కొంత, చీటీ పాట ఒకటి కలిపి 8 లక్షలు తేగలమన్నారు. మిగతా 40 లక్షలకు ఇల్లు హామీ. పొలం ఉంది కదా అంటారేమో, వ్యవసాయ భూమిని విద్యా రుణానికి హామీగా చాలా బ్యాంకులు తీసుకోవు.

40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు. నెల వాయిదా సుమారు 55,100 రూపాయలు. పదేళ్లలో కట్టేది 66 లక్షల పైమాట. వాయిదాలు మొదలయ్యేలోపు చదువుకునే రోజుల్లో పడే వడ్డీ ఇందులో లేదు. మొత్తం డబ్బు తీసేసుకుంటే అదే ఏడాదికి 4 లక్షల 40 వేలు. కండక్టరు గారు ఇదంతా తన డైరీలో రాసుకున్నారు. రోజూ క్యాషు సంచీ లెక్క అప్పజెప్పే మనిషి, కూడికలో నాకంటే ముందున్నారు. 55,100 దగ్గర పెన్ను ఆపి, "ఇది నా జీతంలో ఎంతో మీకు తెల్దు కదండీ" అని, అడక్కుండానే తన జీతం చెప్పారు. ఆ అంకె ఇక్కడ రాయను. తల్లి మాత్రం ఒకే మాట అడిగింది: "బాబూ, అక్కడ ఉద్యోగం దొరక్కపోతే ఎన్నాళ్లు ఉండనిస్తారు?"

అంత మంచి ప్రశ్న ఆ కన్సల్టెన్సీలో ఎవరూ అడిగి ఉండరు. ఆమెకు విడమరిచి చెప్పాను. చదువు అయ్యాక ఏడాది పని చేసుకోవచ్చు, దాన్ని ఓపీటీ అంటారు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్‌కి సాధారణంగా వాడే 15.1501 అనే కోడు ఆ జాబితాలో ఉంది. కానీ అదే పేరుతో ఉన్న కోర్సుకి ఒక యూనివర్సిటీ వేరే కోడు పెట్టి ఉండవచ్చు, కాబట్టి అడ్మిషన్ వాళ్లనే మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. పొడిగింపు కావాలంటే ఉద్యోగమిచ్చిన కంపెనీ ఈ-వెరిఫై అనే ప్రభుత్వ విధానంలో నమోదై ఉండాలి. ఆ తర్వాత హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా. ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకి ఇంకో 20 వేలు. దరఖాస్తులు అంతకు చాలా ఎక్కువ వస్తాయి కాబట్టి లాటరీ.

ఆ పది నెలల ప్రోగ్రాం గురించి ఇంకొకటి చెప్పాలి, ఇది చాలామంది గమనించరు. ఆగస్టులో మొదలై జూన్‌కి అయిపోయే కోర్సులో మధ్యలో వేసవి సెలవు ఉండదు. అంటే ఇంటర్న్‌షిప్ ఉండదు. అక్కడి ఉద్యోగాలకు చాలావరకు తలుపు ఇంటర్న్‌షిప్పే. ఇప్పటికే అయిదారేళ్లు గట్టి అనుభవం ఉన్నవాళ్లకి ఆ లోటు పెద్దది కాదు. రెండేళ్ల షిఫ్ట్ ఇంజినీరుకి చాలా పెద్దది.

అమెరికా వద్దని నేను ఎవరికీ గుడ్డిగా చెప్పను. అంతకు ముందు ఏడాదే శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి వచ్చింది, సివిల్, ఆరేళ్లుగా రోడ్డు కాంట్రాక్టుల్లో సైట్లు నడుపుతోంది. కాంట్రాక్టు క్లాజు సరిగ్గా అర్థం కాక తన కంపెనీ ఎలా నష్టపోయిందో తేదీలతో సహా చెప్పింది. ఆమె టిక్కులన్నీ ప్రాజెక్టు మేనేజ్‌మెంట్, కాంట్రాక్టు చట్టం, ఇంజినీరింగ్ ఎకానమీ మీదే పడ్డాయి. సొంత పొదుపు పోను 12 లక్షల అప్పు చాలు. ఆమెకు పది నెలల ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రామే సరైనదని నేనే చెప్పి పంపాను. ఈ అబ్బాయి ఫోల్డరులో ఉన్నదీ సరిగ్గా ఆ రకం ప్రోగ్రామే.

ఇక్కడి దారులు, నా పొరపాటు

మన దేశంలో మేం మూడు దారులు చూశాం. ఒకటి మేనేజ్‌మెంట్ చదువుల ఎంట్రన్సు క్యాట్ రాసి ముంబైలోని నిటీ. 1963లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కి, ఆపరేషన్స్‌కి దేశంలో పేరున్న చోటు. విచిత్రంగా, మేం జూన్‌లో మాట్లాడుకునేటప్పుడు దాని పేరు నిటీ, సెప్టెంబరులో దరఖాస్తు చేసేటప్పటికి ఐఐఎం ముంబై. ఆ ఆగస్టులోనే చట్ట సవరణతో పేరు మారింది. పేరు మారగానే అబ్బాయి స్నేహితుల ఫోన్లు మొదలయ్యాయి, "ఐఐఎం అంటరా బాబూ" అని. అదే పొవాయి క్యాంపస్, అదే పాఠాలు, జూన్‌లో వీళ్లలో ఒక్కడూ దాని గురించి అడగలేదు.

రెండోది గేట్ రాసి ఎన్‌ఐటీల్లో, ఐఐటీల్లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ఎంటెక్. మెకానికల్ గేట్ సిలబస్‌లోనే ప్రొడక్షన్ ప్లానింగ్, ఇన్వెంటరీ కంట్రోల్, ఆపరేషన్స్ రీసెర్చి ఉన్నాయి, అంటే తనకు నచ్చిన సబ్జెక్టులే అక్కడ మార్కులు తెస్తాయి. గేట్‌తో చేరితే నెలకు 12,400 స్టైపెండు, వారానికి ఎనిమిది గంటలు ల్యాబులోనో క్లాసులోనో సాయం చేయాలి. మూడోది ఐసెట్ రాసి దగ్గర్లో ఎంబీఏ. దాని జాబితాలో పచ్చ టిక్కులు చాలా తక్కువ, కాబట్టి దాని మీద ఎక్కువ సేపు కూర్చోలేదు.

ఇక్కడ నేను తప్పు చేశాను. రెండు పరీక్షలూ రాయమన్నాను. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది కదా అని. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ రెండూ చదివించే తీరు వేరు. క్యాట్ ఆ ఏడాది రెండు గంటల్లో 66 ప్రశ్నలు, ఇంగ్లీషు ప్యాసేజీలు, చకచకా తేల్చే బుర్ర కావాలి. గేట్ మూడు గంటల్లో 65 ప్రశ్నలు, సబ్జెక్టు లోతు కావాలి. వారానికోసారి మారే షిఫ్టుల్లో ఉన్న పిల్లవాడి మీద రెండూ పెట్టడం నాకు తోచకూడని సలహా. నేనూ షిఫ్టులు చేసినవాణ్నే, సి షిఫ్టు దిగాక బుర్ర ఎలా ఉంటుందో తెలుసు, అయినా చెప్పాను.

అక్టోబరులో తండ్రి ఒక్కరే వచ్చారు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే మెట్లెక్కారు. "సార్, మావోడు నిన్న ఇంటికొచ్చి అన్నం ముందర నిద్రపోయాడండి. చెయ్యి కంచంలోనే ఉంది." అంతే అన్నారు. నా మీద కోపం లేదు ఆ గొంతులో, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ ఆదివారమే క్యాట్ పుస్తకాలు పక్కన పెట్టించాను. ఫీజు కట్టేశాడు కాబట్టి నవంబరు 26న వెళ్లి రాసొచ్చాడు, ఆశ పెట్టుకోలేదు, రాలేదు కూడా. అప్పట్నుంచి గేట్ ఒక్కటే. సి షిఫ్టు వారం పూర్తిగా సెలవు, పుస్తకం ముట్టకూడదు. ఎ షిఫ్టు, బి షిఫ్టు వారాల్లో రోజుకి మూడు గంటలు, అంతకు మించి వద్దు. జనవరిలో కంపెనీని అడిగి పదిహేను రోజులు సెలవు తీసుకున్నాడు. సంక్రాంతికి చీపురుపల్లి ఇంట్లోనే ఉన్నా, భోగి మంట దగ్గర పదినిమిషాలు కూర్చుని లోపలికి వెళ్లిపోయాడని చెల్లెలు తర్వాత చెప్పింది.

ఇలాంటి పని మీద ఉన్నవాళ్లకి ఉపయోగపడే చిన్న సంగతి ఒకటి. కేంద్ర సంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్‌కి మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో విడిగా చూసుకోవాలి, నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలోనే తీసుకోవాలి. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికి కౌన్సెలింగ్ వారం వరకు ఆగకండి.

ఫిబ్రవరిలో గేట్ రాశాడు, మార్చి 16న ఫలితాలొచ్చాయి. గొప్ప ర్యాంకు కాదు, ఐఐటీకి చాలలేదు. గేట్ మార్కులతో ఎంటెక్ సీట్లు ఇచ్చే సీసీఎంటీ కౌన్సెలింగ్ రెండో రౌండులో ఒక ఎన్‌ఐటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ ఎంటెక్ సీటు వచ్చింది. ఆప్షన్లు పెట్టేటప్పుడు అబ్బాయి పెద్ద పేరున్న ఇంకో ఎన్‌ఐటీలో థర్మల్ ఇంజినీరింగ్‌ని వరసలో పైన పెడదామన్నాడు. పాత కాగితాలు తీసి పచ్చ టిక్కులు చూపించాను. ఏమీ మాట్లాడకుండా వరస మార్చాడు.

రెండేళ్ల తర్వాత

ఫీజు తన రెండేళ్ల పొదుపులోంచి కట్టాడు. స్టైపెండు హాస్టలుకి, మెస్సుకి సరిపోయింది. 2025లో దసరా దాటాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడటానికి ఇంటిల్లిపాదీ విజయనగరం వచ్చినప్పుడు నా గదికీ వచ్చారు. మేడ మీది నుంచి కోట వైపు జనం కనబడుతూనే ఉన్నారు.

అబ్బాయి అప్పటికి మూడో సెమిస్టరులో ఉన్నాడు. థీసిస్ పని మొదలైంది. ఎప్పుడు పాడవుతుందో తెలియని, పాడైతే ప్లాంటు ఆగిపోయే స్పేర్ పార్టులు ఎన్ని నిల్వ పెట్టాలి అన్నది అంశం. పాత కంపెనీని డేటా అడిగితే ఇవ్వలేదట. గైడు సాయంతో వేరే చోట సంపాదించాడు. గోడకి అంటించుకున్న ఆ 41 వస్తువుల లిస్టు ఇంకా ఉందా అని అడిగాను. ఫోన్లో ఉన్న దాని ఫోటో చూపించాడు. అంచులు గ్రీజు మరకలతో నల్లబడి ఉన్నాయి.

ఉద్యోగం ఆ రోజుకి రాలేదు. రెండు కంపెనీల ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒకదాంట్లో చివరి దాకా వెళ్లి ఆగిపోయాడు. ఈ కేసు సుఖాంతమని రాసుకోవడానికి నా దగ్గర ఇంకా ఆధారం లేదు. అంతకు ముందు నెలలోనే కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని అమెరికా ప్రకటించింది. తండ్రి ఆ మాట ఎత్తి, "మీరు ముందే చెప్పారు కదండీ" అన్నారు. చెప్పలేదండీ, అలాంటిది వస్తుందని 2023లో నాకేం తెలుసు అన్నాను. ఆ రోజు మన చేతిలో ఉన్నవి టిక్కులు, 55,100 అన్న అంకె, అమ్మగారు అడిగిన ప్రశ్న. ఆ మూడిట్ని బట్టే వెళ్లాం. తర్వాత వచ్చిన వార్తల్ని బట్టి ఆ నిర్ణయానికి మార్కులు వేయకూడదు. ఎందుకంటే వార్త అటువైపు వచ్చి ఉంటే తప్పు అనుకోవలసి వచ్చేది, అదీ సరికాదు.

నా పద్ధతిలో మాత్రం రెండు మార్పులు వచ్చాయి. షిఫ్టుల్లో ఉన్నవాళ్లకి ఒకటే పరీక్ష. మొదటి సమావేశానికి తల్లి కూడా రావాలి.

వెళ్లేముందు చెల్లెలు తన సంచీలోంచి ఒక బ్రోచరు తీసింది. ఇంటర్ అయి, ఎప్‌సెట్ రాసి, మన జిల్లాలోనే మెకానికల్‌లో చేరి నెలన్నర అయింది. కాలేజీలో మైనర్ డిగ్రీ తీసుకోవచ్చంటున్నారట, బీటెక్ 160 క్రెడిట్లకు పైన ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే డిగ్రీ మీద అదీ రాస్తారు. అందులో మేనేజ్‌మెంట్‌కి సంబంధించింది ఒకటి ఉంది. తీసుకోనా అని అడగబోయింది. అన్న ఆ బ్రోచరు అందుకుని వెనక్కి తిప్పాడు. సబ్జెక్టుల పేర్లున్న పేజీ వెతికి, నా బల్ల మీదున్న ఆకుపచ్చ పెన్ను తీసి ఆమె చేతికిచ్చాడు.